లారీ స్టీరింగ్‌కు రీకాల్ వచ్చిందా? ఇలా తేల్చుకోండి

తయారీ లోపం ఉంది, బండి తెచ్చి సరిచేయించుకోమని కంపెనీ పంపే రీకాల్ ఉత్తరాన్ని డ్యాష్‌బోర్డు అరలోకి తోసేసి "స్టీరింగ్ బాగానే తిరుగుతోంది కదా" అనే యజమానులను చూసీ చూసీ విసుగెత్తింది. ఫ్యాక్టరీలో సరిగ్గా బిగించని నట్టు ఊడిపోయే క్షణం దాకా స్టీరింగ్ బాగానే తిరుగుతుంది.

కావలసినవి కొన్నే: టార్చి, చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మలు, గుడ్డపీలిక, చెప్పిన మాట వినే ఇంకో మనిషి.

ముందుగా ఛాసిస్ నంబరు. కాగితాల మీదిది కాదు, బండి మీదిదే ఫొటో తీసుకోండి. అంకెలు, అక్షరాలు కలిపి 17 ఉంటాయి. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు వాడరు. ఓ లాగా కనిపించేది సున్నా, ఐ లాగా కనిపించేది ఒకటి. ఈ నంబరును తయారీ సంస్థ వెబ్‌సైటులో వెతకండి. సెకండ్ హ్యాండ్ లారీ అయితే ఇది మరీ ముఖ్యం. ఉత్తరం పాత యజమాని చిరునామాకే వెళ్లి ఉండవచ్చు. ఏమీ లేదని వచ్చినా కొన్ని నెలలకోసారి మళ్లీ చూడండి, జాబితాలో కొత్త నంబర్లు చేరుతుంటాయి.

రీకాల్ ఉంటే సర్వీస్ సెంటర్‌ను రెండే అడగండి: విడిభాగం వచ్చిందా, అప్పటిదాకా నడపవచ్చా? నడపవద్దంటే వేరే వాహనం మీద ఎక్కించి పంపండి. "పక్క వీధే కదా" అనే మాట నా దగ్గర చెల్లదు.

నడపవచ్చన్నారా? అయితే విడిభాగం వచ్చేదాకా వారానికోసారి జాయింట్లు పరీక్షించాలి. అందరూ పాడుచేసేది ఇక్కడే.

జాకీ వేసి ముందు చక్రాన్ని ఊపి "ప్లే లేదు", అంటే జాయింట్లలో వదులు లేదు, అని తేల్చేస్తారు. అలా ఊపితే కదిలింది చక్రం బేరింగా, చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్నా, రెండు ముందు చక్రాలను కలిపే టై రాడ్డా అన్నది తేలదు. బరువు తీసేసిన జాయింటు తన వదులును దాచుకోవచ్చు కూడా. లారీ బరువు నేల మీదే ఉండాలి. చదునైన చోట చక్రాలు తిన్నగా పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, వెనక చక్రాలకు దిమ్మలు పెట్టండి. పవర్ స్టీరింగ్ ఉంటే ఇంజను నడుస్తూ ఉండాలి, లేకపోతే లేని వదులు కూడా ఉన్నట్టు కనిపిస్తుంది.

క్యాబిన్‌లోని మనిషి స్టీరింగ్‌ను బిగువు తగిలేదాకా కుడికి, ఎడమకు కొద్దికొద్దిగా ఆడిస్తూ ఉండాలి. చివరిదాకా తిప్పకూడదు. "ఆపు" అనగానే ఆపాలి, ఫోను జేబులోనే ఉండాలి. మీరు టైరు తిరిగే దారిలో తల, చేతులు పెట్టకండి.

ముందు గుడ్డతో మట్టి తుడవండి. స్టీరింగ్ కాలమ్ కింది జాయింటు, స్టీరింగ్ బాక్సు బోల్టులు, ఆ బాక్సుకు తగిలించిన డ్రాప్ ఆర్మ్, దాని కదలికను చక్రం వైపు చేరవేసే డ్రాగ్ లింక్, టై రాడ్ చివరలు: ఈ వరుస తప్పకండి. ఒక్కో జాయింటు పైన అరచేయి ఆనించండి, కంటికి అందనిది చేతికి తెలుస్తుంది. రెండు భాగాలూ ఒకేసారి కదలాలి. ఒకటి కదిలాక రెండోది ఆలస్యంగా కదిలితే అదే ప్లే. టై రాడ్ తన చుట్టూ తాను కాస్త దొర్లడం మాత్రం ప్లే కాదు, దాన్ని చూసి కంగారుపడి విప్పేసేవారు ఎందరో. నట్టు చుట్టూ ఎర్రటి సన్నని పొడి కనిపిస్తే అది లోలోపల కదులుతోందని అనుమానించాలి.

వదులు దొరికితే బండి అక్కడే ఆగాలి. మీరు బిగించకండి. నట్టు ఊడకుండా అడ్డంగా గుచ్చే స్ప్లిట్ పిన్‌కు రంధ్రం కలవలేదని నట్టును వెనక్కి వదిలేసే మెకానిక్‌ను నేను బండి దగ్గరికి రానివ్వను. స్టీరింగ్ భాగాలకు వెల్డింగ్ చేస్తానన్నవాణ్ని గేటు కూడా దాటనివ్వను.

వదులు కనిపించకపోయినా రీకాల్ పని మానకండి. ఇనుము లోపలి పగులు అరచేతికి తెలియదు.

పని పూర్తయ్యాక కాగితం మీద రీకాల్ నంబరు రాయించుకోండి. స్ప్లిట్ పిన్ కొత్తదో కాదో వంగి చూడండి. కొన్ని రోజులాగి ఛాసిస్ నంబరును మళ్లీ వెతకండి. పని ఇంకా పెండింగ్ అని వస్తే ఆ కాగితం పట్టుకుని సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి.