కొత్త లెదర్ జాకెట్‌ను పాతది చేసే ముందు

హీరో ఆ జాకెట్‌ను పదేళ్లుగా తొడుక్కుంటున్నాడని కథ చెబుతుంది. జాకెట్ మాత్రం మొన్ననే షాపులోంచి వచ్చింది. ఆ పదేళ్లను రెండు మూడు రోజుల్లో తోలు మీదికి తేవాల్సిన బాధ్యత కాస్ట్యూమ్స్ వాళ్లది. షార్ట్ ఫిల్మ్‌కో వెబ్ సిరీస్‌కో మొదటిసారి ఈ పని నెత్తిన వేసుకుంటున్న అసిస్టెంట్ల కోసం ఇది రాస్తున్నాను. కాటన్ చొక్కా పాడైతే ఇంకోటి కుట్టించుకోవచ్చు. తోలు మీద ఒకసారి గీకేసిన పైపొర మళ్లీ రాదు. మన ఊపిరితిత్తుల సంగతీ అంతే, అందుకే ముందు వాటి గురించి.

శాండ్‌పేపర్‌తోనో వైర్ బ్రష్‌తోనో రుద్దినప్పుడు లేచే తోలు పొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ గ్రూప్ 1లో పెట్టింది. అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తుందని రుజువైన వాటి జాబితాలో. బూట్లు, చెప్పులు తయారుచేసే చోట ఏళ్ల తరబడి ఆ పొడి పీల్చినవాళ్లలో ముక్కు లోపల, సైనస్‌లలో క్యాన్సర్లు బయటపడ్డాయి. ఒక్క జాకెట్ రుద్దితే ఏదో అయిపోతుందని భయపెట్టడం లేదు. కానీ ఈ పనిలో నిలదొక్కుకుంటే మీరు రుద్దేది ఒక్క జాకెట్ కాదు. ముక్కుకు కర్చీఫ్ కట్టుకోవడం చాలదు, ఎన్95 మాస్క్ సందు లేకుండా పెట్టుకోండి. కళ్లద్దాలు కూడా. డాబా మీదో, వరండాలోనో, గాలి పొడిని మీ ముఖం మీదికి కాకుండా అవతలికి తీసుకుపోయే వైపు కూర్చోండి. పని అయ్యాక చీపురుతో ఊడ్చకండి, తడిగుడ్డతో తుడవండి. కరెంటు మెషీన్‌తో రుద్దితే పొడి ఇంకా సన్నగా, ఇంకా ఎక్కువగా లేస్తుంది. చేతితో అయ్యే పనికి మెషీన్ తీయొద్దు.

తర్వాత అసిటోన్, థిన్నర్. జాకెట్ పైన ఉండే మెరుపు పూతను తీయడానికి వీటిని వాడతారు. అసిటోన్ ఆవిరి మామూలు గది వేడిలోనే అంటుకుంటుంది. పైగా గాలికంటే బరువు కాబట్టి నేలబారున పాకి, గది ఆ మూలనున్న దోమల చక్రం దాకా, స్టవ్ దాకా వెళ్తుంది. పని చేసే చోట దీపం, అగరబత్తి, సిగరెట్ ఏదీ ఉండకూడదు. చాలామంది నీలం రంగు నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని ధైర్యంగా ఉంటారు. అసిటోన్ వాటిని త్వరగా దాటిపోతుంది. బ్యూటైల్ రబ్బరు గ్లవ్స్ దొరికితే అవే మంచివి, లేకపోతే చేతికి తగలకుండా పొడవాటి పిడి ఉన్న బ్రష్‌తో పని చేసి, తడిసిన గ్లవ్స్‌ను వెంటనే మార్చేయండి.

ఒక షెడ్యూల్‌లో ఇద్దరం ఏసీ కోసం హోటల్ గది కిటికీలన్నీ మూసి రాత్రంతా థిన్నర్‌తో పని చేశాం. ఒంటిగంటకల్లా తలనొప్పి, తర్వాత వాంతులు. తెల్లారి జాకెట్ సెట్‌కు వెళ్లింది, నా తోటి అసిస్టెంట్ ఆస్పత్రికి వెళ్లాడు. పొద్దున్నే జాకెట్ కావాలన్న టెన్షన్‌లో కిటికీ తెరవాలని మా ఇద్దరికీ తోచలేదు. ఎంత తొందరున్నా మూసిన గదిలో ఈ పని చేయకండి. మీ చేత ఎవరైనా చేయిస్తుంటే కుదరదని చెప్పండి.

ఇంకో ప్రమాదం బాత్రూంలో ఉంటుంది. జిప్పుల మెరుపు తగ్గించడానికి వెనిగర్ వాడతాం, లైనింగ్ వెలిసిపోయినట్టు కనపడడానికి బ్లీచ్ వాడతాం. రెండూ ఒకే బకెట్లో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఒకటి ఒకరోజు, ఇంకోటి మర్నాడు చేయండి.

ఇక జాకెట్ దగ్గరికి వద్దాం. ముందు అది తోలేనా అని చూడండి. లోపల కుట్టు దగ్గర కోసిన అంచు కనిపిస్తుంది. తోలైతే అక్కడ పీచు పీచుగా ఉంటుంది. రెక్సిన్ అయితే కింద నేసిన బట్ట కనిపిస్తుంది. రెక్సిన్‌ను రుద్దితే వయసు రాదు, పొర లేచి తెల్లబట్ట బయటపడుతుంది, అంతే. దాని మీద మట్టి, మైనం, రంగు పని చేసి వదిలేయాలి. తోలే అని తేలినా నేరుగా మోచేతి మీదికి వెళ్లకండి. లోపలి వైపు మడిచిన అంచులో రూపాయి బిళ్లంత చోట రుద్ది చూడండి. నల్ల తోలు కింద గోధుమరంగు వస్తే అదృష్టం, తెర మీద అది చాలా అందంగా ఉంటుంది. కానీ ఇప్పటి జాకెట్లలో ఎక్కువ భాగం క్రోమ్ లవణాలతో శుద్ధి చేసిన తోలు. రంగు లోపలిదాకా ఎక్కకపోతే రుద్దిన చోట నీలం కలిసిన బూడిదరంగు బయటపడుతుంది. అది పాతదనంలా ఉండదు, చర్మం మీద దెబ్బలా ఉంటుంది. దానికి పైన మళ్లీ రంగు వేసుకోవాలి, ఆ టైమ్ ముందే లెక్కలో ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త చేయి వేయకముందే తీసుకోవాల్సింది. ఈ మనిషి ఈ జాకెట్‌తో ఏం చేశాడు? దీనికి జవాబు లేకుండా బ్రష్ పట్టుకుంటే చేయి తేలిగ్గా ఆడే చోటల్లా గీతలు పడతాయి. అంటే వీపు మధ్యలో, ఛాతీ మీద. నిజ జీవితంలో అవి అంతగా అరగవు. అరిగేవి మడతలు, అంచులు. మోచేయి లోపలి ముడతలు, చేతుల చివర్లు, కాలర్ తిరిగే గీత, జేబు నోరు, జిప్ పక్క అంచు. జేబు ఫ్లాప్ కింద, చంక లోపల తోలు ఏళ్లు గడిచినా కొత్తగానే ఉంటుంది. దాన్ని అలాగే వదిలేయడం వల్లే మిగతాది నమ్మకంగా కనిపిస్తుంది. రెండు వైపులా ఒకేలా అరగదు కూడా. కుడిచేతి వాటం మనిషైతే కుడి జేబు నోరు ముందు సాగుతుంది. బ్యాగు ఒకే భుజానికి వేసుకుంటాడా, ఆ భుజమే మెరుస్తుంది.

1931లో అమెరికా సైన్యపు వైమానిక దళం తీసుకున్న ఏ-2 జాకెట్‌నూ, 1928లో న్యూయార్క్‌లో ఇర్వింగ్ షాట్ మోటార్‌సైకిల్ నడిపేవాళ్ల కోసం తయారుచేసిన పర్ఫెక్టోనూ పక్కపక్కన ఊహించుకోండి. పైలట్ జాకెట్‌కు చేతుల చివర, నడుము దగ్గర ఊలు అల్లిక ముందు పోగులు లేస్తుంది, భుజాల మీద పారాచూట్ పట్టీ రాపిడి పడుతుంది. బైకు మనిషిదైతే మోచేతులు ముందుకు వంగిన ఆకారంలోనే ముడతలు నిలిచిపోతాయి, దుమ్ము ముందువైపే కొడుతుంది. ఒకదాని అరుగుదల ఇంకోదాని మీద వేస్తే చూసేవాళ్లకు కారణం తెలియదు గానీ నమ్మకం మాత్రం కలగదు.

1981లో వచ్చిన రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్‌లో ఇండియానా జోన్స్ జాకెట్ ఈ పనిలో అందరూ తలుచుకునే ఉదాహరణ. దాని కాస్ట్యూమ్ డిజైనర్ డెబోరా నాడూల్మన్ కొత్త జాకెట్లను ఆ పాత్ర వేసిన హారిసన్ ఫోర్డ్ దగ్గరున్న స్విస్ ఆర్మీ కత్తితో, ఇనుప బ్రష్‌తో చేత్తోనే పాతవి చేశారు. పనిముట్లు అవే రెండు. ఆ మనిషి ఎక్కడెక్కడ పాకాడో, ఎక్కడ పడ్డాడో ఆ జాకెట్ చూస్తే తెలుస్తుంది. నాకు ఆ పని మీద ఎంత గౌరవమో చెప్పలేను.

తోలు పని అయ్యాక జిప్పు, బటన్లు, లైనింగ్ చూడండి. మురికిపట్టిన కాలర్ పక్కన తళతళలాడే జిప్పు ఒక్కటి చాలు, క్లోజప్ మొత్తం పోతుంది. దుమ్ముకు మన ముల్తానీ మట్టే వాడండి. ఇంగ్లిష్ సినిమాల వాళ్లు ఫుల్లర్స్ ఎర్త్ పేరుతో వాడేదీ అదే. మెత్తని బట్టలో మూటకట్టి అద్దండి, నటుడు తొడుక్కున్నాక ముఖం దగ్గర కొట్టకండి. అద్దెకు తెచ్చిన జాకెట్ మీద తుడిస్తే పోయే ఇలాంటివి తప్ప బ్రష్, కత్తి వాడొద్దు. ఎవరి తాతగారిదో నిజంగా పాత జాకెట్ దొరికితే దాన్ని అసలు ముట్టుకోవద్దు. దాన్ని చూసి నేర్చుకోండి, ఫొటోలు తీసుకోండి.

హీరోకు ఒకటి, డూప్‌కు ఒకటి, చిరిగిన సీన్‌కు ఒకటి, కనీసం మూడు జాకెట్లు ఉంటాయి. అన్నీ ఒకేరోజు పక్కపక్కన పెట్టుకుని చేయండి. లోపల నంబరు వేసి, ప్రతి దశలో ఒకే వెలుతురులో ఫొటో తీయండి. కథలో ముందు వచ్చే సీన్లకు తక్కువ అరిగినది కావాలి, షూటింగ్ మాత్రం ఆ వరుసలో జరగదు. అందుకే ఒక జాకెట్‌ను తక్కువ దశలోనే ఆపి పక్కన పెట్టండి. ఎక్కువ చేశాక తగ్గించలేం.

డూప్ జాకెట్ విషయంలో రెండు మాటలు ఫైట్ మాస్టర్‌కు మీరే స్వయంగా చెప్పాలి. రోప్ షాట్ ఉంటే ఒంటికి కట్టే హార్నెస్ పట్టీలు లాగే చోట, భుజం కుట్ల దగ్గర తోలును పలచన చేయలేదని. మంటల షాట్ ఉంటే థిన్నర్, మైనం, నూనె ఏవీ తగలని జాకెట్ వేరుగా ఉందని. అది నిజంగా వేరుగా ఉండాలి కూడా.

రుద్దిన తోలు పూత పోయి నీళ్లు ఎక్కువ పీలుస్తుంది. వానలో తడిసినా, రెయిన్ షాట్ తర్వాతైనా నీడలో, గాలికి, వెడల్పాటి హ్యాంగర్ మీద ఆరబెట్టండి. హెయిర్ డ్రయ్యర్ పెడితే, ఎండలో వేస్తే బిరుసెక్కి పగులుతుంది. ప్లాస్టిక్ కవర్లో పెడితే జూలై, ఆగస్టుల్లో కొద్ది రోజులకే బూజు పడుతుంది, కాటన్ కవర్ వాడండి. సినిమా రక్తంలో చక్కెర పాకం ఉంటే చీమలు వస్తాయి, ఆ రాత్రే తుడిచేయాలి.

థిన్నర్ తగిలిన గుడ్డలను మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి గది బయట పెట్టండి. పని బట్టలు విడిగా ఉతకండి. మాస్క్ అన్నిటికంటే చివర తీయండి, ఆ తర్వాతే చేతులు కడుక్కుని భోజనానికి వెళ్లండి.