హెసిల్ గాలిమర పద్ధతిలో సుద్దపొడి, అద్దాల పుట్టీ

ఇంగ్లండ్‌లో హల్ నగరాన్ని ఆనుకుని హెసిల్ అనే ఊరుంది. అక్కడ హంబర్ వంతెన పక్కనే రెక్కల్లేని గాలిమర బురుజొకటి కనిపిస్తుంది. 19వ శతాబ్దం మొదట్లో కట్టిన ఈ మర గింజలు ఆడించలేదు. పక్క క్వారీలోని సుద్దరాయిని నలిపి, రంగులకూ, కిటికీ అద్దాలు బిగించే ముద్ద అయిన పుట్టీకీ పొడి చేసేది. దాని ఐదు రెక్కలనూ 1925లో తీసేశారు. లోపలి ఏర్పాటు మన డంగుసున్నం గానుగ లాంటిదే: గుండ్రటి తొట్టి, నీళ్లు, అందులో తిరిగే రాతి చక్రాలు. ఆ పని ఇంట్లో బకెట్లతోనూ చేయొచ్చు.

బడి చాక్‌పీసులు వద్దు, వాటిలో చాలావరకు జిప్సమే. అసలు సుద్ద మీద వెనిగర్ చుక్క వేస్తే బుసబుసా నురగొస్తుంది. కిలో సుద్దను సుత్తితో కొట్టి, చెకుముకి రాళ్లుంటే ఏరేయండి. రోట్లో నీళ్లు పోసి నూరండి. పొడిగా దంచితే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అసలు పనంతా తేర్చడంలోనే ఉంది. నూరిన ముద్దను 5 లీటర్ల నీళ్లలో బాగా కలిపి, ఒక్క నిమిషం ఆగి, పాలలాంటి నీటిని రెండో బకెట్లోకి వంచండి. నీళ్లు 15 సెంటీమీటర్ల లోతుంటే ఆ నిమిషంలో 50 మైక్రాన్లకు (మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు) మించిన రేణువులన్నీ దాదాపుగా అడుక్కి చేరతాయి. తొందరపడి ముందే వంచితే ఇసక కూడా వస్తుంది, పుట్టీ కత్తి కింద గరగరలాడుతుంది. అడుగున మిగిలినదాన్ని మళ్లీ నూరండి. రెండో బకెట్‌ను ఒక రోజు కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్లు పారబోసి, ముద్దను గాలి ఆడే నీడలో పలచగా ఆరబెట్టండి. హెసిల్‌లోనూ ఈ తేర్పుకు వేరే తొట్లుండేవి.

పూర్తిగా ఆరాక నలిపి జల్లించండి. 850 గ్రాముల పొడికి సుమారు 150 గ్రాముల పచ్చి (కాచని) అవిసె నూనె పడుతుంది. ఒకేసారి పోయకుండా కొంచెం కొంచెంగా పోస్తూ, చేతికి అంటనంతవరకూ పిసికి, మూతబెట్టి రాత్రంతా ఉంచండి. పొడిలో చెమ్మ మిగిలితే ముద్ద విరిగిపోతుంది. తెల్లగా ఉంది కదా అని సున్నం కలపొద్దు, నూనెతో చేరి సబ్బవుతుంది. కిటికీ చెక్కకు ముందు ప్రైమర్ వేయాలి, లేకపోతే చెక్క నూనె పీల్చేసుకుని పుట్టీ పగులుతుంది. రంగు వేయడానికి రెండు మూడు వారాలు ఆగండి.

నూనె తుడిచిన గుడ్డల్ని మాత్రం కుప్పగా పడేయకండి, వాటంతట అవే అంటుకోగలవు. నీళ్లలో తడిపి, విడివిడిగా బయట ఆరేయండి.