సీ హెడర్ ఫైళ్ల దారి ఎడిటర్‌కు చూపే ముందు జాగ్రత్తలు

విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్‌లో సీ ప్రోగ్రాం రాసేటప్పుడు, హెడర్ ఫైలును (లైబ్రరీలోని ఫంక్షన్ల వివరాలుండే ఫైలును) కలిపే ఇన్‌క్లూడ్ వరుస కింద తప్పును సూచించే గీత కనిపించగానే సెట్టింగులు మార్చడానికి తొందరపడకండి. ముందుగా అదే ఫైలును టెర్మినల్‌లో జీసీసీ అనే కంపైలర్‌తో కంపైల్ చేసి చూడండి. అక్కడ కూడా హెడర్ దొరకకపోతే, అది మీ కంప్యూటర్‌లోనే లేకపోవచ్చు, లేదా కంపైలర్ వెతకని ఫోల్డర్‌లో ఉండవచ్చు. ఉబుంటు లినక్స్‌లో లైబ్రరీ ఒక ప్యాకేజీగా, దాని హెడర్లు సాధారణంగా పేరు చివర ‘డెవ్’ అని ఉండే మరో ప్యాకేజీగా వస్తాయి కనుక, ఆటలు, గ్రాఫిక్స్ కోసం వాడే ఎస్‌డీఎల్ 2 వంటి లైబ్రరీని వాడేవారు ఆ రెండోదాన్ని కూడా ఇన్‌స్టాల్ చేశారో లేదో చూసుకోవాలి.

కంపైల్ సజావుగా జరిగితే, ఎడిటర్‌కు జోడించుకునే సీ ఎక్స్‌టెన్షన్ సెట్టింగులలోని ‘కంపైలర్ పాత్’ వద్ద మీరు నిజంగా వాడే కంపైలరే ఉందని నిర్ధారించుకోండి. అది సరిగా ఉంటే ప్రామాణిక హెడర్ల ఫోల్డర్లను ఎక్స్‌టెన్షన్ ఆ కంపైలర్‌నే అడిగి తెలుసుకుంటుంది. వాటిని చేత్తో రాయనక్కరలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. అదే సెట్టింగులలోని ‘ఇన్‌క్లూడ్ పాత్’లో రాసిన ఫోల్డర్ ఎడిటర్ సూచనలకే పనికివస్తుంది, కంపైలర్‌కు చేరదు, కంపైల్ ఆదేశంలో అడ్డగీత, పెద్ద ‘ఐ’ అక్షరం పెట్టి అదే ఫోల్డర్‌ను విడిగా ఇవ్వాలి. కొత్తగా నేర్చుకునేవారు ఈ తేడా తెలియకనే గంటల తరబడి అవస్థ పడుతుంటారు.

విండోస్‌లో దారి రాసేటప్పుడు వెనక్కి వాలిన గీతను రెండుసార్లు రాయండి. మార్చే ముందు పాత సెట్టింగుల ఫైలు నకలు దాచుకోండి.