సెకండ్ హ్యాండ్ కారు కొన్నరా? ఇన్సూరెన్స్ ఏ కంపెనీల ఉన్నదో కనుక్కొని మీ పేరు మీదికి మార్చుకునే పద్ధతి

మా బామ్మర్ది పోయినేడు కరీంనగర్ల ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నడు. మంచి బండే, తిరిగింది గూడ తక్కువనే, నెల రోజులల్ల ఆర్సీ వాని పేరు మీదికి వచ్చింది, ఇగ అంతా అయిపోయిందనుకున్నం. నాలుగు నెలలకు ఒకనాడు రాత్రి మడికొండ దగ్గర బర్రె అడ్డమొచ్చింది. మనిషికేం కాలే, బర్రె గూడ లేచి దాని తొవ్వ అది పట్టుకొని పోయింది గనీ బంపరు, ఒక లైటు, బానెట్, రేడియేటర్ అన్నీ పోయినయ్. షెడ్డుకు పట్కపోయి డాష్‌బోర్డుల ఉన్న ఇన్సూరెన్స్ కాయిదం ఇస్తే ఆడున్న పిలగాడు చూసి "అన్నా, ఈ పేరెవలది" అన్నడు. పాత ఓనర్‌ది. కంపెనీకి ఫోన్ చేస్తే ఆర్సీ మీది, పాలసీ ఆయనది, క్లెయిమ్ రాదు అని ఒక్క ముక్కల చెప్పిన్రు. మస్తు కొట్లాడినం గనీ తర్వాత చట్టం చదివితే తెలిసింది, తప్పు మాదేనని.

అసలు సంగతేందంటే ఆర్టీఏ ఆఫీసుల ఆర్సీ మారుడు వేరు, ఇన్సూరెన్స్ కంపెనీల పాలసీ మారుడు వేరు. మోటారు వాహనాల చట్టం 1988ల సెక్షన్ 157 ఉన్నది, దాని ప్రకారం బండి అమ్మిన రోజు నుంచే పాలసీ కొన్నోని పేరు మీదికి మారినట్టే లెక్క, కాకపోతే కొన్నోడు 14 రోజులల్ల కంపెనీకి దరఖాస్తు పెట్టి కాయిదం మీద పేరు మార్పిచ్చుకోవాలె. ఇది చదివి "ఇంకేంది, మారినట్టే కదా" అనుకునేరు. ఆ మారుడు థర్డ్ పార్టీ వరకే, అంటే మన బండి తగిలి ఎదుటోనికి దెబ్బ తగిల్తే కంపెనీ కట్టాలె, అంతే. మన బండి రిపేరుకు, దొంగలు ఎత్తుకపోతే వచ్చే పైసలకు అది వర్తించదు, దీని మీద సుప్రీంకోర్టు 1995లనే కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసుల తీర్పు ఇచ్చింది. ఓన్ డ్యామేజ్, అంటే మన బండి నష్టానికి ఇచ్చే కవర్, కావాల్నంటే కంపెనీతోని పేరు మార్పిచ్చుకోవాల్సిందే, వేరే తొవ్వ లేదు.

అందుకని ముందు కంపెనీ ఏదో పట్టుకోవాలె. వినడానికి ఇదేం పెద్ద పని అనిపిస్తది గనీ బండి ఇద్దరు ముగ్గురు ఓనర్ల చేతులు మారి వస్తే, మధ్యల బండ్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీ వాడు ఉంటే, ఎవలకు ఏం తెల్వదు. అన్నిటికంటె సులువు బండి పైసలు చేతుల పెట్టకముందే అమ్మేటాయన దగ్గర పాలసీ పీడీఎఫ్ వాట్సాప్‌ల తీసుకునుడు. జిరాక్స్ కాదు, పీడీఎఫే అడుగుండ్రి. పైసలు ముట్టినంక ఆయన ఫోన్ ఎత్తుతడన్న గ్యారంటీ లేదు, మేం చూసినం.

అట్ల దొరకకపోతే ఆన్‌లైన్ల చూడొచ్చు. మన తెలంగాణది ఆర్టీఏ ఎం వాలెట్ యాప్ 2016 నుంచి ఉన్నది, ఆర్సీ మీ పేరు మీదికి వచ్చినంక అండ్ల బండి వివరాలు తెచ్చుకోవచ్చు. కేంద్రంది పరివాహన్ వెబ్‌సైటు, ఎంపరివాహన్ యాప్, వీటిల ఫోన్ నంబరుతోని లాగిన్ అయి బండి నంబరు కొడితే ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, ఎప్పటిదాంక ఉన్నదో చూపెడతది. కాకపోతే తెలంగాణ చానా ఏండ్లు సొంత సాఫ్ట్‌వేర్‌తోనే నడిపింది, అందుకే మన బండ్ల వివరాలు కేంద్రం యాప్‌ల ఒక్కోసారి రావు, వచ్చినా పాతయి వస్తయ్. "నో రికార్డ్" అని వస్తే గాబరా పడకుండ్రి. ఇంకోటి, నంబరు ప్లేటు మీద ఏముంటే అదే కొట్టాలె. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకే టీజీ వచ్చింది, టీఎస్ 03 బండి టీఎస్ 03 లెక్కనే ఉంటది, పాత ఏపీ 36 బండి ఏపీ 36 లెక్కనే. మా దోస్తు ఒకాయన గంటసేపు టీజీ అని కొట్టి వెబ్‌సైటును తిట్టిండు.

బండి మీద లోన్ ఉండెనంటే బ్యాంకోళ్ల దగ్గర పాలసీ కాపీ ఉండే అవకాశం ఉంటది. షోరూంల సర్వీసింగ్ చేపిస్తుంటే అక్కడ గూడ బండి నంబరు చెప్పి అడగొచ్చు.

కంపెనీ పేరు దొరికింది గనీ ఆ పేరుతోని కంపెనీ కనిపిస్తలేదు అంటే పేరు మారి ఉండొచ్చు. భారతీ ఆక్సా జనరల్ 2021ల ఐసీఐసీఐ లాంబార్డ్‌ల కలిసిపోయింది, కోటక్ మహీంద్రా జనరల్ 2024ల జ్యూరిచ్ కోటక్ అయింది. పాత పాలసీ ఎటూ పోదు, కొత్త కంపెనీ కస్టమర్ కేర్‌కు పాలసీ నంబరు చెప్తే చాలు. ఆ కస్టమర్ కేర్ నంబరు మాత్రం కంపెనీ వెబ్‌సైటుల నుంచే తీసుకోండ్రి, పాలసీ మీద ఉన్న నంబరుకు చెయ్యకుండ్రి, ఎందుకంటే నకిలీ పాలసీల మీద నంబరు గూడ నకిలీదే ఉంటది. పాలసీ మీద క్యూఆర్ కోడ్ ఉంటది, అదొకసారి స్కాన్ చేసి చూడండ్రి.

ఇక్కడ చానా మంది పప్పులో కాలేసే ముచ్చట ఒకటున్నది. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త కారుకు థర్డ్ పార్టీ మూడేండ్లది ఒక్కసారే తీసుకోవాలె, ఓన్ డ్యామేజ్ మాత్రం ఎక్కువ శాతం ఒక్క ఏడాదికే ఉంటది. ఆన్‌లైన్ల ఇన్సూరెన్స్ ఇంకో ఏడాది వ్యాలిడ్ అని కనిపిస్తది, మనం ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నదనుకుంటం, ఉన్నది థర్డ్ పార్టీ ఒక్కటే. పైంగ 2019 సెప్టెంబర్ నుంచి ఓన్ డ్యామేజ్ వేరే కంపెనీల విడిగా తీసుకోవచ్చు, అంటే ఒకే కారుకు రెండు కంపెనీలు, రెండు తారీకులు. అందుకని పాలసీ తెరిచి చూస్తే ఓన్ డ్యామేజ్ పీరియడ్ ఎప్పటిదాంక, లయబిలిటీ (థర్డ్ పార్టీ) పీరియడ్ ఎప్పటిదాంక అని రెండు లైన్లు వేరే వేరే ఉంటయ్, రెండూ చూడాలె. రెండు కంపెనీలుంటే రెండు దిక్కుల దరఖాస్తు పెట్టాలె.

ఇగ దరఖాస్తు. ముందుగాల ఆర్టీఏ పని మొదలుపెట్టాలె, ఫారం 29 అమ్మేటోడు ఇచ్చేది, ఫారం 30 పేరు మార్పు దరఖాస్తు, ఇద్దరి సంతకాలు ఉంటయ్. లోన్ తీరినంక ఆర్సీ మీద బ్యాంకు పేరు ఎత్తేసేదుంటే ఫారం 35, బ్యాంకు ఇచ్చే అభ్యంతరం లేదన్న కాయిదం (ఎన్ఓసీ). వీటికి తోడు ఆర్సీ, నడుస్తున్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, అడ్రస్ ప్రూఫ్ పెట్టి రవాణా శాఖ వెబ్‌సైటుల స్లాట్ బుక్ చేసి ఫీజు కట్టి, ఆ టైముకు ఆఫీసుకు పోవాలె. స్లాట్ మనమే బుక్ చేస్కోవచ్చు, ఆఫీసు బయట జిరాక్స్ సెంటరోళ్లకు పైసలు ఇచ్చుడు మీ ఇష్టం. 14 రోజుల లెక్క బండి చేతులు మారిన తారీకు నుంచి పడతది, కొత్త ఆర్సీ ఇంటికొచ్చిన తారీకు నుంచి కాదు. మేం ఆర్సీ కార్డు కోసం నెల రోజులు ఎదురుచూసి ఆ తర్వాత ఇన్సూరెన్స్ ముచ్చటే మర్చిపోయినం. ఆర్టీఏల దరఖాస్తు అయిన రశీదు, ఫారం 29, 30 కాపీలు చేతిల పడంగనే ఆ రోజే ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టుండ్రి, కొత్త ఆర్సీ తర్వాత పంపిస్తమని రాయుండ్రి. తారీకు పడ్డ మెయిల్ చేతిల ఉంటే రేపు మాట్లాడనీకి ఉంటది.

కంపెనీ అడిగేటియి ఇవి: పేరు మార్పు కోసం ఒక లెటర్, కొత్తగ నింపిన ప్రపోజల్ ఫారం, పాత పాలసీ కాపీ, పాత ఓనర్ నాకు అభ్యంతరం లేదని సంతకం పెట్టిన కాయిదం, ఆర్సీ, మీ పాన్, ఆధార్. 2023 జనవరి 1 నుంచి కేవైసీ లేకుంటే ఏ పాలసీ రాదు. కొందరు బండి ఫోటోలు అడుగుతరు, కొందరు మనిషిని పంపిచ్చి చూస్తరు. చిన్న ఫీజు ఉంటది. వీటిల మస్తు తిప్పలయ్యేది పాత ఓనర్ సంతకమే, అందుకే చెప్తున్న, ఫారం 29 మీద సంతకం పెట్టిచ్చేటప్పుడే ఈ కాయిదం మీద గూడ పెట్టిచ్చుండ్రి.

ఫీజు కాకుండ ఇంకో పైసలు అడుగుతరు, దానికి మొదలు కోపమొస్తది గనీ అది న్యాయమే. పాత ఓనర్ క్లెయిమ్ చెయ్యకుండ సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, బండిది కాదు. బండి మీ చేతికి వస్తే ఆ డిస్కౌంట్ మీకు రాదు, మిగిలిన నెలలకు తేడా కట్టాలె. లెక్క చెప్తా. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000, ఆయనకు 35 శాతం బోనస్ అంటే 2,800 తగ్గింపు. ఇంకా ఆరు నెలలు మిగిలినయంటే మీరు కట్టేది 1,400, దాని మీద జీఎస్టీ 18 శాతం 252, మొత్తం 1,652. ఈ 1,652 రూపాయలు కట్టకనే మా బామ్మర్ది బంపరు, బానెట్ అన్నీ జేబులకెళ్లి పెట్టుకున్నడు. మీకే పాత కారు ఉండి అది అమ్మేసి ఇది కొన్నరనుకోండ్రి, మీ పాత కంపెనీల బోనస్ లెటర్ తీసుకుంటే అది మూడేండ్లు చెల్లుతది, ఈ బండికి వాడుకోవచ్చు.

పాలసీ అసలే అయిపోయి ఉంటే పని ఒక రకంగ సులువు, పేరు మార్పు లొల్లి లేదు, మీ పేరు మీద కొత్తదే తీసుకోవచ్చు. ఓన్ డ్యామేజ్ కావాల్నంటే బండిని చెక్ చేసినంకనే ఇస్తరు. ప్రీమియం కంపెనీకి ముట్టినంకనే కవర్ మొదలైతది, ఏజెంటు చేతిల నగదు పెట్టి "అయిపోయిందిరా" అనుకుంటే కాదు, పాలసీ మీద ఉన్న తారీకు, టైమే లెక్క.

ఇగ ఏ కవర్ తీసుకోవాలె. థర్డ్ పార్టీ రేటు అన్ని కంపెనీలల్ల ఒక్కటే, ప్రభుత్వం పెట్టింది, 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు 2,094, 1500 సీసీ దాంక 3,416, ఆ పైన 7,897, జీఎస్టీ వేరే. అందుకే థర్డ్ పార్టీ ఒక్కటే తీసుకునేటోళ్లు కంపెనీ కంపెనీ తిరిగి బేరం చెయ్యనవసరం లేదు. ఎదుటోని ప్రాణానికి, దెబ్బలకు ఇచ్చే పరిహారానికి పరిమితి లేదు, ఎదుటోని ఆస్తికి మాత్రం 7.5 లక్షల దాంకనే. మన కార్ల కూసున్నోళ్లకు ఈ పాలసీల ఏం రాదు, డ్రైవింగ్ చేసే ఓనర్‌కు 15 లక్షల ప్రమాద బీమా విడిగా ఉంటది.

పదిహేనేండ్ల పాత బండికి థర్డ్ పార్టీ చాలంటే నేను కాదనను. ఐదారేండ్ల బండికి మాత్రం మన దిక్కు ఉన్నోళ్లు ఆలోచించాలె. 2020 ఆగస్టుల, 2023 జూలైల హన్మకొండ కాలనీలల్ల నీళ్లు ఎట్ల వచ్చినయో అందరికీ తెలుసు, కార్లు ఇంటి ముందట నిలబడ్డకాడనే మునిగినయ్. ఫుల్ పాలసీల వరద నష్టం ఉంటది, కానీ నీళ్లల్ల ఉన్న బండిని స్టార్ట్ చేస్తే ఇంజన్ల నీళ్లు గుంజుకొని అది పాడైతది, ఆ ఇంజన్ పైసలు మామూలు పాలసీల రావు, ఇంజన్ ప్రొటెక్ట్ అని యాడ్ ఆన్ ఉండాలె. నయీంనగర్ నాలా దిక్కు, హంటర్ రోడ్డు దిక్కు ఉండేటోళ్లు జీరో డెప్ (అదేందో కింద చెప్త) లేకున్నా ఇది తీసుకోండ్రి అని నేనంట. బండి మునిగితే తాళం చెవి ముట్టుకోకుండ, ముందు ఫోటోలు తీసి కంపెనీకి ఫోన్ చేసి టోయింగ్ బండితోని గుంజిపిచ్చుకపోవాలె.

జీరో డెప్ అంటే ఏందంటే, మామూలు పాలసీల ప్లాస్టిక్, రబ్బరు సామాను మీద సగమే ఇస్తరు, ఫైబర్ మీద 30 శాతం కోస్తరు, రేకు మీద బండి వయసును బట్టి కోస్తరు, అద్దానికి మాత్రం కొయ్యరు. ఈ కాలం కార్ల ముందట అంతా ప్లాస్టికే కదా. జీరో డెప్‌ల ఈ కోతలుండవు. ఐడీవీ అంటే బండి పోతే వచ్చే గరిష్ఠ మొత్తం, ప్రీమియం తక్కువ చూపెట్టనీకి ఏజెంటు ముందుగాల దీన్నే తగ్గిస్తడు, రెండు కొటేషన్లు పోల్చేటప్పుడు ఐడీవీ ఒక్కటే ఉన్నదా చూడుండ్రి, లేకుంటే పోల్చుడే దండుగ.

మేడారం జాతరకు పోయి వచ్చినంక బండికి గీతలు పడుడు మామూలే, నాలుగు వేల పనికి క్లెయిమ్ చెయ్యకుండ్రి. 35 శాతం బోనస్ ఉన్నోడు ఏడాది ఆగితే 45 అయితది, అదే 8,000 మీద 3,600, చిన్న క్లెయిమ్ చేస్తే అది పోయి మళ్ల సున్నా నుంచి. రెన్యువల్ 90 రోజులు దాటినా బోనస్ పోతది. ఇంకోటి, తెల్ల నంబరు ప్లేటు బండిని జాతరకు కిరాయికి కొట్టుకుంటరు చానా మంది, ఆ ట్రిప్పుల ఏమన్నా అయితే ప్రైవేటు పాలసీల క్లెయిమ్ రాదు.

దరఖాస్తు పెట్టినంక కంపెనీ పలకకపోతే వాళ్ల గ్రీవెన్స్ మెయిల్‌కు రాయాలె, అప్పటికీ కాకపోతే బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ వాళ్ల ఫిర్యాదుల వ్యవస్థ బీమా భరోసా, నంబరు 155255. ఆ తర్వాత హైదరాబాద్‌ల బీమా తగాదాలు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నడు, 50 లక్షల దాంక చూస్తడు, ఫీజు లేదు.

పేరు మారినంక ఎండార్స్‌మెంట్ అని ఒక పేజీ మెయిల్‌ల వస్తది, అది పాలసీతోని కలిపి పెట్టుకోవాలె, ఎప్పటినుంచి అమలో ఆ తారీకు చూసుకోవాలె, చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్సీ పక్కన పెట్టుకొని ఒక్కో అక్షరం చూడాలె. మా బామ్మర్ది ఆ బర్రె తర్వాత పరుగెత్తి పెట్టిన దరఖాస్తుకు పేరు మంచిగనే వచ్చింది గనీ చాసిస్ నంబర్ల బి ఉండాల్సినకాడ 8 పడ్డది, మళ్ల మెయిల్ పెట్టి మార్పిచ్చేదాంక ఇంకో మూడు రోజులు పట్టింది.