రహస్య సోవియట్ శాస్త్రవేత్తను కథలోకి తెచ్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

సోవియట్ అంతరిక్ష రహస్య కార్యక్రమంలో పనిచేసిన ఒక కల్పిత రష్యన్ శాస్త్రవేత్తను ప్రధాన పాత్రగా పెట్టుకుని తెలుగులో నవలో కథో రాయాలని అనుకుంటున్నవారి కోసం ఈ జాగ్రత్తలు రాస్తున్నాను. రహస్యం అన్నాక ఏం రాసినా చెల్లుతుందనే ధైర్యంతో చాలామంది ఈ పనికి పూనుకుంటారు. కానీ 1980ల చివరి నుంచి ఆ రహస్యాల్లో పెద్ద భాగం బయటికి వచ్చింది; ఆ కార్యాలయాల్లో పనిచేసినవారే జ్ఞాపకాలు రాసుకున్నారు, పాత పత్రాలు అచ్చయ్యాయి. మన కల్పిత పాత్ర నిలబడబోయే ఆ గదుల్లో నిజమైన మనుషులు దశాబ్దాలపాటు పేరు చెప్పుకోకుండా పనిచేశారు, కొందరు అక్కడే ప్రాణాలు వదిలారు. ఆ సంగతి మనసులో పెట్టుకుని కలం పట్టుకోవడం అవసరం.

మొట్టమొదట సంవత్సరం తేల్చుకోవాలి. సోవియట్ కాలం అని గంపగుత్తగా రాస్తే పాత్రకు ఊపిరి రాదు, ఎందుకంటే 1938లో ఒక ఇంజనీరుకు ఉన్న భయం వేరు, 1961లో అదే ఇంజనీరుకు ఉన్న భయం వేరు. తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌నూ, అంతరిక్షంలోకి వెళ్ళిన తొలి మనిషి గగారిన్ నౌకనూ తయారుచేయించిన సెర్గేయ్ కొరొల్యోవ్‌ను 1938 జూన్ 27న అరెస్టు చేశారు. ఆయన దేశపు ఈశాన్య కొసన ఖైదీలతో తవ్వించే కొలిమా బంగారు గనుల్లో చావు అంచు దాకా వెళ్ళి, ఆ తర్వాత ఖైదీలైన ఇంజనీర్లతోనే విమానాలు రూపొందింపజేసే జైలు కార్యాలయంలో పనిచేసి, 1944లో విడుదలయ్యారు. ఆయన నిర్దోషి అని ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకున్నది 1957లో, అంటే స్పుత్నిక్ ఎగిరిన ఏడాదే. కాబట్టి మీ పాత్రకు 1957 నాటికి యాభై ఏళ్ళు ఉన్నాయంటే, మూకుమ్మడి అరెస్టులు సాగిన 1937, 38 సంవత్సరాలు ఆ ఇంటి మీదుగానో పక్కింటి మీదుగానో వెళ్ళి ఉంటాయి. దాని గురించి పాత్ర ఒక్క మాటా మాట్లాడనక్కరలేదు. మాట్లాడకపోవడమే సహజం కూడా. అయితే అర్ధరాత్రి తలుపు చప్పుడైనప్పుడు ఆ మనిషి ఎలా లేచి కూర్చుంటాడో రచయితకు తెలిసి ఉండాలి. 1953 మార్చిలో స్టాలిన్ మరణం, 1964 అక్టోబరులో దేశాధినేత ఖ్రుష్చేవ్ పదవి పోవడం, 1974లో చంద్రుడి మీదికి మనిషిని పంపే రాకెట్టు పని ఆపేయడం, ఇవి మూడూ ఆ మనుషుల బతుకుల్ని మలుపు తిప్పిన తేదీలు గనుక కథాకాలం వీటికి ముందో వెనకో స్పష్టంగా ఉండాలి.

రష్యన్ అనే మాట విషయంలోనూ తొందరపడకూడదు. కొరొల్యోవ్ పుట్టింది నేటి ఉక్రెయిన్‌లోని జితోమిర్‌లో, ఇంజన్ల నిపుణుడు గ్లుష్కో పుట్టింది ఒదెస్సాలో, గణితవేత్త కెల్దిష్ పుట్టింది రీగాలో. మానవ సహిత ప్రయోగాలకు సంబంధించిన ప్రభుత్వ సంఘానికి చాలా ఏళ్ళు అధ్యక్షుడిగా ఉన్న కెరిమ్ కెరిమొవ్ బాకూలో పుట్టిన అజర్‌బైజానీ. వీళ్ళందరినీ రష్యన్ శాస్త్రవేత్తలు అని ఒక్క గాటన కట్టేస్తే ఎవరికో ఒకరికి అన్యాయం జరుగుతుంది. మీ పాత్ర నిజంగా రష్యన్ అయితే ఏ ఊరి మనిషో, ఏ నది ఒడ్డున పెరిగాడో చెప్పండి. బైకనూర్ అని లోకానికి తెలిసిన ప్రయోగ కేంద్రం ఉన్నది కజకుల నేల మీద అని కూడా మరవకూడదు. సిర్ దర్యా నది దగ్గర త్యురతమ్ అనే రైల్వే స్టేషను పక్కన 1955లో ఆ నిర్మాణం మొదలైంది. బైకనూర్ అనే అసలు ఊరు అక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక గనుల ఊరు, ఆ పేరును లోకం కళ్ళు కప్పడానికి వాడుకున్నారు. 1958లో జరిగే కథలో ఉద్యోగులు తమలో తాము బైకనూర్ వెళుతున్నాం అనుకుంటే, తెలిసిన పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. ఆ స్టెప్పీ మైదానంలో ఎండాకాలం మన రామగుండానికి తీసిపోదు, చలికాలం మాత్రం సున్నాకు దిగువన నలభై డిగ్రీల దాకా పడిపోతుంది. ఏప్రిల్‌లో కొద్ది రోజులపాటు నేలంతా ట్యూలిప్ పూలు పూస్తాయి. అక్కడ పని మాస్కో సమయం ప్రకారం నడిచేది. గగారిన్ 1961 ఏప్రిల్ 12న మాస్కో గడియారంలో ఉదయం 9 గంటల 7 నిమిషాలకు బయలుదేరినప్పుడు, ఆ నేల మీద పొద్దు అంతకంటే బాగా పైకి ఎక్కి ఉంది.

పేర్లూ పిలుపులూ తెలుగు రచయితకు నిజానికి కలిసివచ్చే చోటు, ఇంగ్లీషులో రాసేవారికి లేని సౌకర్యం ఇక్కడ మనకు ఉంది. రష్యన్ మనిషికి మూడు భాగాల పేరు ఉంటుంది: సొంత పేరు, తండ్రి పేరు నుంచి వచ్చే పేరు, ఇంటి పేరు. తండ్రి ఇవాన్ అయితే కొడుకు ఇవానొవిచ్, కూతురు ఇవానొవ్న అవుతారు; చాలా ఇంటి పేర్లకు స్త్రీల విషయంలో చివర దీర్ఘం కూడా వస్తుంది. ఆఫీసులో పెద్దవారిని సొంత పేరూ తండ్రి పేరూ కలిపి పిలవడం మర్యాద, కాబట్టి కొరొల్యోవ్‌ను సహోద్యోగులు సెర్గేయ్ పావ్లొవిచ్ అనేవారు, ఆయన లేని చోట ఎస్.పి. అని చెప్పుకునేవారు. మిస్టర్, ప్రొఫెసర్ అంటూ పాశ్చాత్య పద్ధతిలో పిలిపించడం పొరపాటు. పైగా రష్యన్‌లో నువ్వు, మీరు అనే తేడా మన తెలుగులో లాగే ఉంది. ఇరవై ఏళ్ళు పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్న ఇద్దరు ఇంజనీర్లు మీరు నుంచి నువ్వుకు మారడం ఒక్కటే ఒక అధ్యాయానికి సరిపోయే సంఘటన. కోపం వచ్చిన పై అధికారి హఠాత్తుగా నువ్వు నుంచి మీరుకు మారితే అది తిట్టు కంటే పదునైనది. మాస్కోలో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు అచ్చువేసి పంపిన తెలుగు అనువాదాలు మీ ఊరి గ్రంథాలయంలో ఇంకా మిగిలి ఉంటే, పేర్ల ఉచ్చారణ కోసం వాటిని తప్పక చూడండి. పేరు ఎంచుకున్నాక, ఆ పేరుతో ఆ రంగంలో నిజంగా ఎవరైనా పనిచేశారేమో వెతికి చూసుకోవడం తప్పనిసరి. పనిచేసి ఉంటే మార్చేయండి, ఎందుకంటే వారి పిల్లలో మనవలో బతికే ఉండవచ్చు.

ఇక రహస్యం సంగతి. దీన్ని ఇనుప తలుపులు, సొరంగాలు, నల్ల కోట్ల మనుషులతో నింపేయాలనిపిస్తుంది, నా తొలి ప్రయత్నంలో నేనూ అదే చేసి చెడగొట్టుకున్నాను. వాస్తవంలో రహస్యం చాలా మామూలు వస్తువుల్లో ఉండేది. సంస్థకు పేరు ఉండదు, ఒక తపాలా పెట్టె నంబరు ఉంటుంది. ఎక్కడ పనిచేస్తున్నావు అని అడిగితే పెట్టెలో అని చెప్పేవారు. రాకెట్టును రాకెట్టు అనరు, ఉత్పత్తి అంటారు, దానికొక అంకెల గుర్తు ఉంటుంది. ప్రతి సంస్థలోనూ రహస్య పత్రాలనూ మనుషులనూ కనిపెట్టుకుని ఉండే మొదటి విభాగం అనే ఒక గది ఉండేది. పని పుస్తకాన్ని ఇంటికి తీసుకువెళ్ళడం అనేది ఊహకు కూడా అందని విషయం. కొరొల్యోవ్ పత్రికలో వ్యాసం రాస్తే అది ప్రొఫెసర్ కె. సెర్గేయెవ్ అనే మారుపేరుతో వెలువడేది. విదేశీ సభలకు వెళ్ళి మాట్లాడినవారు వేరు, రాకెట్టును చేసినవారు వేరు. అందువల్లనే పశ్చిమ పత్రికలు లియొనీద్ సెదోవ్ అనే విద్వాంసుణ్ణి స్పుత్నిక్ సృష్టికర్తగా పొరబడ్డాయి. కాబట్టి 1959లో మీ రహస్య రూపశిల్పి పారిస్ సభలో ఒక అమెరికన్ శాస్త్రవేత్తను కలుసుకుని స్నేహం చేయడం కుదరదు. ప్రభుత్వ ప్రకటనల్లో దాచినవి కూడా అతని మనసులో ఉండాలి: గగారిన్ నౌకతో పాటు నేలకు దిగలేదు, ఏడు కిలోమీటర్ల ఎత్తున బయటికి వచ్చి విడిగా పారాచూట్‌తో దిగాడు, నౌకలోనే దిగితే తప్ప రికార్డుగా గుర్తించరు కాబట్టి ఆ మాటను ఏళ్ళ తరబడి చెప్పలేదు. మీ పాత్రకు ఇది తెలుసు, పక్క గదిలో ఆనందంతో చప్పట్లు కొడుతున్న కూతురికి తెలియదు. నా దృష్టిలో ఇలాంటి నవలకు అసలు స్థలం ఆ రెండు గదుల మధ్య గోడ.

సాంకేతిక విషయాల్లో రెండు మూడు చోట్ల మాత్రం గట్టిగా హెచ్చరిస్తాను. సోవియట్ ప్రయోగంలో పది, తొమ్మిది, ఎనిమిది అని వెనక్కి లెక్కపెట్టడం ఉండదు. తాళంచెవి ప్రయోగ స్థానానికి తిప్పమనడం దగ్గర మొదలై ఇంధనాలు మండటం, రాకెట్టు లేవడం దాకా ఒక్కొక్క దశకు ఒక్కొక్క ఆజ్ఞ ఉంటుంది. రాకెట్టును పడుకోబెట్టి కూర్చి, రైలు బండి మీద వేదిక దగ్గరికి తెచ్చి అక్కడ నిలబెడతారు. గగారిన్‌ను మోసిన రాకెట్టు కిరోసిన్, ద్రవ ఆక్సిజన్ మండించేది. విషపూరిత ఇంధనంతో నడిచేవి వేరే క్షిపణులు. వీటిని తారుమారు చేస్తే ప్రమాద సన్నివేశం అంతా తప్పైపోతుంది.

ప్రమాదాల గురించి రాసేటప్పుడు అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. 1960 అక్టోబరు 24న యాంగెల్ అనే మరో రూపశిల్పి తయారుచేయించిన ఆర్-16 అనే క్షిపణిని, నవంబరు 7 విప్లవ దినోత్సవం లోపల ఎగరేయాలన్న ఒత్తిడిలో, ఇంధనం నింపి ఉండగానే మనుషులు చుట్టూ చేరి మరమ్మతు చేస్తుండగా, రెండో దశ ఇంజను తనంతట తానే అంటుకుంది. వేదిక దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న క్షిపణి దళాల అధిపతి మార్షల్ నెదేలిన్ సహా అనేక పదుల మంది కాలిపోయారు; సిగరెట్టు కోసం పక్కకు వెళ్ళిన యాంగెల్ బతికారు. నెదేలిన్ విమాన ప్రమాదంలో పోయారని ప్రకటించారు, మిగతావారి గురించి ప్రకటనే లేదు, అసలు కథ సోవియట్ పత్రికలో వచ్చింది 1989లో. 1961 మార్చి 23న వాలెంతీన్ బొందరెంకో అనే యువ వ్యోమగామి శిక్షణార్థి ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న గదిలో మంటలు చెలరేగి చనిపోతే, ఆ సంగతీ పాతికేళ్ళు చెప్పలేదు. ఇలాంటి నిజమైన ప్రమాదానికి కారణమైన తప్పును మీ కల్పిత పాత్ర చేతికి అంటగట్టకండి. అలా చేస్తే ఆ రోజు నిజంగా మీట దగ్గర ఉన్న మనిషి చరిత్ర చెరిగిపోతుంది, లేదా అతని మీద లేని నింద పడుతుంది. పాత్రను సాక్షిగా నిలపండి, లేదా వేరే క్షిపణినీ వేరే రోజునూ కల్పించండి. 1963లో అదే అక్టోబరు 24న మరో ప్రమాదం జరిగిన తర్వాత ఆ తేదీన అక్కడ ప్రయోగాలు చేయడం మానేశారు కాబట్టి మీ కల్పిత ప్రయోగానికి ఆ రోజు పెట్టకూడదు. గగారిన్ కంటే ముందే రహస్యంగా వెళ్ళి అంతరిక్షంలో తప్పిపోయిన వ్యోమగాములు ఉన్నారనే పుకారుకు ఆధారం లేదు. నిజంగా పోయినవారి పేర్లను దాచిన చోట లేని మృతులను సృష్టించడం నాకు నచ్చదు.

కథలోకి తెలుగు మనిషిని తేవాలనుకుంటే కాలం చూసుకోండి. బెంగళూరులో తయారైన ఆర్యభట్ట ఉపగ్రహం 1975 ఏప్రిల్ 19న కపూస్తిన్ యార్ అనే మరో ప్రయోగ కేంద్రం నుంచి సోవియట్ రాకెట్టు మీద ఎగిరింది, రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో బైకనూర్ నుంచి వెళ్ళారు. ఆ సందర్భాల్లో ఒక తెలుగు ఇంజనీరు ఒక వృద్ధ రష్యన్ ఇంజనీరుతో టీ తాగడం నమ్మదగినదే, 1960లో మాత్రం కాదు. రచన అచ్చులోనో ఫోనుల్లోనో ఎక్కాక అది చీలికలై తిరుగుతుందని కూడా గుర్తుపెట్టుకోవాలి. పేరూ తేదీలూ ఉన్న ఒక పేరా విడిగా బయటపడితే జనం దాన్ని చరిత్ర అని పంపుకుంటారు. కాబట్టి ఇది కల్పన అన్న మాటను మొదటి పేజీలోనే కాక ప్రతి భాగం నెత్తిన రాయండి, కల్పిత పాత్రకు నిజమైన మనిషి ఫొటోను ఎన్నడూ తగిలించకండి, ఏవి జరిగినవో ఏవి మీరు అల్లినవో చివర రెండు పేజీల్లో నిజాయితీగా విడదీసి చెప్పండి.

చివరగా, పాత్ర మరణించేటట్లయితే దాని తేదీని ముందుగానే నిర్ణయించుకోవాలి. కొరొల్యోవ్ 1966 జనవరి 14న శస్త్రచికిత్సలో కన్నుమూశారు. రెండు రోజుల తర్వాత ప్రావ్దా పత్రిక ఆయన ఫొటోతో, అసలు పేరుతో సంతాప వార్త వేసింది. అంత్యక్రియల నాడు ఎర్ర మైదానంలో గగారిన్ మాట్లాడారు, చితాభస్మాన్ని క్రెమ్లిన్ గోడలో ఉంచారు. అంతవరకు ముఖ్య రూపశిల్పి అన్న పదవి పేరే తప్ప ఆ మనిషి పేరు దేశానికి తెలియదు. ఆయన కింద పనిచేసిన వేలాదిమందిలో అత్యధికులకు అలాంటి వార్త రాలేదు. మీ శాస్త్రవేత్తకు వస్తుందా రాదా, వస్తే అది చదివి భార్య మొదటిసారిగా ఏం తెలుసుకుంటుంది, రాకపోతే పక్కింటివాళ్ళకు ఆమె ఏమని చెబుతుంది అనేది మొదటి అధ్యాయం మొదలుపెట్టక ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.