డొక్కల కరువు గురించి నెట్‌లో వెతకడం ఎలా?

గుంటూరు ప్రాంతాన్ని 1832-33లో ఊడ్చిపెట్టిన డొక్కల కరువు గురించి నాలుగు పేజీలు రాయాలనుకున్నారనుకోండి. గూగుల్‌లో ఆ రెండు ముక్కలూ కొడితే, ఒకే పేరాను అటూ ఇటూ మార్చి రాసిన పేజీలే వరసగా వస్తాయి. అసలు సరుకు వేరేచోట ఉంటుంది, అదీ చాలావరకు ఉచితంగానే. దాన్ని ఏ మాటతో అడగాలన్నదే చిక్కు.

అందుకే ముందు కంప్యూటర్ పక్కన పెట్టి, కాగితం తీసుకోండి. ఈ కరువుకి ఉన్న పేర్లన్నీ రాయండి. దీన్ని నందన కరువు అని కూడా అంటారు. 2012 ఉగాదికి వచ్చింది నందన సంవత్సరమే కదా, అక్కణ్నుంచి అరవయ్యేసి వెనక్కి వెళ్తే 1952, 1892, 1832. లెక్క సరిపోయింది. తర్వాత ఊళ్ల పేర్లు. దొరల కాగితాల్లో మచిలీపట్నం మసులీపటం, విజయవాడ బెజవాడ, ఏలూరు ఎల్లోర్, కృష్ణ కిస్త్నా. గుంటూరు స్పెల్లింగ్‌లో చివర రెండు ‘ఓ’లు పెట్టి కూడా చూడాలి. విజయవాడ అని కొట్టి, ఏమీ దొరకలేదని లాప్‌టాప్ మూసేసిన రోజులు నాకూ ఉన్నాయి.

జిల్లాల సరిహద్దులూ చూసుకోవాలి. 1859లో గుంటూరు జిల్లాను రద్దు చేసి చాలావరకు కృష్ణా జిల్లాలో కలిపేశారు, మళ్లీ 1904లో గానీ ఏర్పడలేదు. కాబట్టి 1883లో గోర్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్‌లో (జిల్లా విశేషాల పుస్తకంలో) గుంటూరు సంగతులు వెతకాలి.

ఇక పరిశోధన వ్యాసాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ తెరవండి. ఇంగ్లిష్‌లో ‘గుంటూర్ ఫెమిన్’ అని కొట్టి, పనికొచ్చే వ్యాసం ఒక్కటి పట్టుకోండి చాలు. దాని కింద ‘సైటెడ్ బై’ నొక్కితే, ఆ వ్యాసాన్ని ఉదహరించిన తర్వాతి రచనలు వస్తాయి. ‘ఆల్ వెర్షన్స్’ నొక్కితే ఒక్కోసారి ఉచిత పీడీఎఫ్ కూడా బయటపడుతుంది. వ్యాసం జేస్టోర్ అనే పత్రికల భాండాగారంలో ఉంటే, డబ్బు కట్టాలేమోనని భయపడక్కర్లేదు. ఉచిత ఖాతాతో 30 రోజులకు 100 వ్యాసాల దాకా ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది శోధ్‌గంగ. మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఇందులో అధ్యాయాలవారీగా ఉంటాయి. మొదటి అధ్యాయం జోలికి పోకుండా, నేరుగా చివరనున్న బిబ్లియోగ్రఫీ, అంటే ఆధార గ్రంథాల జాబితా, ఫైలు తెరవండి. ఎవరో నాలుగైదేళ్లు తిరిగి పోగేసిన జాబితా అయిదు నిమిషాల్లో మీ చేతికొస్తుంది. గ్రంథాల్లో గట్టివీ ఉంటాయి, పేజీలు నింపినవీ ఉంటాయి. ఆ జాబితా చూస్తేనే తేడా తెలిసిపోతుంది.

ఆ జాబితాలోని పాత పుస్తకాలను, స్కాన్ చేసిన పుస్తకాలు ఉచితంగా దొరికే ఆర్కైవ్.ఆర్గ్‌లో వెతకండి. సెర్చ్ పెట్టె దగ్గర ‘టెక్స్ట్ కంటెంట్స్’ ఎంచుకుంటే పుస్తకం పేరులోనే కాక లోపలి పేజీల్లోనూ గాలిస్తుంది. ఇంగ్లిష్ పుస్తకాలకు ఇది దివ్యంగా పనిచేస్తుంది. పాత తెలుగు స్కాన్లకు మాత్రం దీన్ని నమ్ముకోలేం, లోపలి అక్షరాలను యంత్రం చాలాసార్లు సరిగ్గా చదవలేదు. పైగా పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. చరిత్ర అన్న మాటే ‘సి’తో ఒకచోట, ‘సి హెచ్’తో ఇంకోచోట ఉంటుంది. రెండూ కొట్టి చూడాలి.

అసలు ఫైళ్లే కావాలంటే, జాతీయ ఆర్కైవ్స్ వారి అభిలేఖ్ పటల్ అనే వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి వెతకొచ్చు. కానీ గుంటూరు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోది. ఆ రెవెన్యూ బోర్డు రికార్డులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. వాటికోసం చివరికి రైలెక్కాల్సి రావచ్చు.

దొరికిన ప్రతిదానికీ లింకు, పేజీ నంబరు అప్పటికప్పుడే రాసుకోండి. రాసేది పుస్తకంలో అచ్చయిన నంబరే కావాలి. ముందుమాటా విషయసూచికా కలిసి పీడీఎఫ్‌లో 61 అని చూపించేది పుస్తకంలో 43వ పేజీ అయి ఉండొచ్చు.