ఆటోఇమ్యూన్ వ్యాధి ఉన్నవారు గర్భధారణకు సిద్ధం కావడం ఎలా?

రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడిచేసే లూపస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్, షోగ్రెన్ సిండ్రోమ్, గ్రేవ్స్ (థైరాయిడ్ వ్యాధి) వంటి ఆటోఇమ్యూన్ వ్యాధులున్న స్త్రీలలో ఎక్కువమంది ఆరోగ్యవంతమైన బిడ్డలను కనగలుగుతున్నారు. అయితే అందుకు సన్నాహం గర్భం దాల్చడానికి కొన్ని నెలల ముందే మొదలు కావాలి. లూపస్ ఉన్నవారు వ్యాధి కనీసం 6 నెలలు అదుపులో ఉన్నాకే గర్భం దాల్చడం మంచిది. వ్యాధి ఉద్ధృతంగా ఉన్నప్పుడు, ముఖ్యంగా మూత్రపిండాలకు సోకినప్పుడు గర్భం వస్తే, గర్భస్రావం, ప్రీఎక్లాంప్సియా (గర్భిణికి రక్తపోటు ప్రమాదకరంగా పెరగడం), నెలలు నిండకుండానే కాన్పు, బిడ్డ బరువు తక్కువగా ఉండటం వంటి ముప్పులు పెరుగుతాయి.

తర్వాత చూసుకోవలసినవి మందులు. గర్భంలోని బిడ్డకు హాని చేయగల మెథోట్రెక్సేట్‌ను గర్భానికి 1 నుంచి 3 నెలల ముందు, మైకోఫెనోలేట్‌ను కనీసం 6 వారాల ముందు ఆపి, వాటి స్థానంలో సురక్షితమైనవాటికి మారాలి. ఈ మార్పు వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి. బిడ్డకు హాని జరుగుతుందన్న భయంతో మందులన్నీ ఒక్కసారిగా మానేయడం అంతకంటే పెద్ద ప్రమాదమని గట్టిగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే హైడ్రాక్సీక్లోరోక్విన్, అజథయోప్రిన్ వంటివి గర్భంతో ఉన్నప్పుడూ కొనసాగించదగినవే, వాటిని మానితే వ్యాధి తిరగబెట్టవచ్చు.

గర్భానికి ముందే చేయించుకోవలసిన రక్తపరీక్షలలో సొంత శరీరంపైనే పనిచేసే యాంటీ-రో, యాంటీ-లా, యాంటీఫాస్ఫోలిపిడ్ అనే యాంటీబాడీల పరీక్షలు ముఖ్యమైనవి. తల్లి రక్తంలోని ఐజీజీ రకం యాంటీబాడీలు మాయను దాటి బిడ్డకు చేరడం సహజమే. పుట్టిన తొలి నెలల్లో బిడ్డను ఇన్ఫెక్షన్ల నుంచి కాపాడేవి అవే. యాంటీ-రో యాంటీబాడీలు కూడా ఆ దారినే వెళ్లి, బిడ్డ గుండెలో విద్యుత్ సంకేతాలు నడిచే మార్గాన్ని దెబ్బతీయగలవు. అప్పుడు నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవలసిన గుండె 50, 60 సార్లే కొట్టుకుంటుంది. దీన్నే హార్ట్ బ్లాక్ అంటారు. పూర్తిగా ఏర్పడిన హార్ట్ బ్లాక్ తిరిగి సరికాదు, చాలామంది పిల్లలకు పేస్‌మేకర్ అవసరమవుతుంది. ఈ యాంటీబాడీలున్న తల్లుల బిడ్డలలో ఇది సుమారు 2 శాతం మందికే వస్తుంది. కానీ ముందు బిడ్డకు వచ్చి ఉంటే తర్వాతి కాన్పులో ముప్పు దాదాపు 16 నుంచి 18 శాతం. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఈ ముప్పును తగ్గిస్తుంది. 18 నుంచి 26 వారాల మధ్య బిడ్డ గుండెకు ఎకో పరీక్షలు ఎన్నిసార్లు, ఎంత వ్యవధిలో చేయించాలో వైద్యులను అడిగి తెలుసుకోవాలి. ఏ లక్షణమూ లేని తల్లిలో కూడా ఈ యాంటీబాడీలు ఉండవచ్చు.

యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ (ఆ యాంటీబాడీల వల్ల రక్తం గడ్డలు కట్టే వ్యాధి) ఉన్నవారికి సాధారణంగా తక్కువ మోతాదు ఆస్పిరిన్‌తో పాటు హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. గ్రేవ్స్ వ్యాధికి థైరాయిడ్ గ్రంథిని తొలగించినా యాంటీబాడీలు రక్తంలో మిగిలి ఉండి బిడ్డకు చేరవచ్చు కనుక, ఆపరేషన్ జరిగిన సంగతిని ప్రసూతి వైద్యులకు తప్పక చెప్పాలి.

పుట్టిన బిడ్డను మొదటి రోజుల్లో జాగ్రత్తగా గమనించాలి. మయస్థీనియా (కండరాలు బలహీనపడే ఆటోఇమ్యూన్ వ్యాధి) ఉన్న తల్లి బిడ్డ ఏడుపు బలహీనంగా ఉన్నా, పాలు చీకలేకపోయినా వెంటనే చూపించాలి. బిడ్డలోని ఈ బలహీనత చికిత్సతో కొన్ని వారాల్లో తగ్గుతుంది. నియోనేటల్ లూపస్‌లో (తల్లి యాంటీబాడీల వల్ల పసిబిడ్డకు వచ్చే సమస్య) కళ్ల చుట్టూ కనిపించే ఎర్రని దద్దుర్లు తల్లి యాంటీబాడీలు తరిగిపోయే 6 నుంచి 8 నెలలలోపు మాయమవుతాయి. కాన్పు తర్వాత తల్లికి, ముఖ్యంగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంటే, నొప్పులు మళ్లీ ముదిరే అవకాశం ఎక్కువ, అందువల్ల ఆ నెలల్లో ఆమె సొంత చెకప్‌లు వాయిదా పడకుండా ఇంటివారు చూసుకోవాలి. గర్భం చివరి నెలల్లో బయొలాజిక్ మందులు (జీవకణాల నుంచి తయారుచేసే, రోగనిరోధక వ్యవస్థను అదుపుచేసే మందులు) వాడి ఉంటే, బిడ్డకు బీసీజీ, రోటావైరస్ వంటి సజీవ టీకాలు వేయించే ముందు ఆ విషయం పిల్లల వైద్యులకు తెలియజేయాలి.